తొలి రంపం

'ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట' అనేది తెలుగునాట తరచుగా వినిపించే సామెత. తన చేతగానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవారిని ఎత్తిపొడవడానికి దీనిని వాడతారు. అయితే ఈ సామెతకు రెండో పార్శ్వం కూడా ఉంది. కొన్ని సందర్భాలలో మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. నేర్చుకొనేవారు ఆ సంగతి ఎరుగక, లోపం తమ పాదాలలోనే ఉన్నదని భ్రమించి, ఆటకే స్వస్తి చెబుతారు. తప్పు చేతిదా, చేతిలోని పనిముట్టుదా అని తేల్చుకోలేకపోవడమే ఏ విద్యలోనైనా ప్రారంభకులకు ఎదురయ్యే తొలి గండం. కొయ్యపనిలో స్క్రోల్ సా అనే సన్నరంపపు యంత్రాన్ని ఎంచుకొనే విధానం ఈ సత్యాన్ని చక్కగా విశదపరుస్తుంది.

దూలాలను, పలకలను నిటారుగా కోయడానికి వడ్రంగి చేతిరంపం చాలు. లతలు, పక్షులు, అక్షరాలు వంటి వంపులు తిరిగిన ఆకృతులను పలుచని చెక్కలో కోయడానికి స్క్రోల్ సా ఉపయోగపడుతుంది. కుట్టుమిషనులో సూది పైకీ కిందికీ ఆడినట్లే, ఈ యంత్రపు బల్లలోని రంధ్రం గుండా సన్నని బ్లేడు నిలువుగా ఆడుతుంది. కుట్టేవారు గుడ్డను తిప్పినట్లే, కోసేవారు చెక్కను తిప్పుతారు. రంపం ఉన్నచోటనే ఆడుతుండగా చెక్కను నడిపించడం ఇందులోని విశేషం. చెక్క అంచు తెగకుండా లోపలి భాగాన్ని మాత్రమే తొలగించవలసి వస్తే, ముందుగా బరమాతో చిన్న రంధ్రం చేసి, విప్పిన బ్లేడును దాని గుండా దూర్చి, మళ్లీ బిగించి కోస్తారు.

సన్నరంపంతో వంపులు కోసే విద్య పాతదే. 1760 దశకంలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల ముద్రకుడు దేశపటాలను పలుచని చెక్క మీద అతికించి, సరిహద్దుల వెంబడి ముక్కలుగా కోసి, బాలలకు భూగోళశాస్త్రం నేర్పే సాధనాలుగా అమ్మాడు. నేటి 'జిగ్‌సా' ఆటలకు అవే మూలరూపాలు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలోని రాక్‌ఫర్డ్ పట్టణానికి చెందిన బార్న్స్ సంస్థ వంటివి కాలితో తొక్కి నడిపే రంపాలను తయారుచేశాయి. తరువాతి కాలంలో కాలి బలం స్థానాన్ని విద్యుత్తు ఆక్రమించింది. చోదకశక్తి మారినా సమస్య మారలేదు. వెంట్రుకలా వణికే సన్నని బ్లేడును స్థిరంగా ఆడించడం ఎలా అన్నదే నాటికీ నేటికీ ఆ సమస్య.

ఒక విద్యార్థిని తమ ఇంటి గుమ్మానికి చెక్కతో పేరుపలక చేయాలని సంకల్పించిందని భావించుదాం. తెలుగు అక్షరాలు గుండ్రనివి. వాటిని కోయాలంటే అడుగడుగునా మలుపులే. ఆమె అంగడిలో అతి చౌకగా దొరికిన యంత్రాన్ని కొని, గీత వెంబడి కోయబోయింది. కోత గీతను తప్పింది. మరొకసారి ప్రయత్నించింది. ఈసారి మరొక వైపునకు తప్పింది. పది పలకలు పాడైన తరువాత తన చేతిలో కళ లేదని నిశ్చయించుకొని యంత్రాన్ని అటక ఎక్కించింది. ఆమె నిర్ణయం న్యాయమైనదేనా?

దీనికి సమాధానం చెప్పాలంటే కోతలో దొర్లే తప్పులు రెండు విధాలని గ్రహించాలి. మొదటిది నియతమైన తప్పు. బ్లేడు తయారయ్యేటప్పుడు దాని పళ్లకు ఒక పక్క సూక్ష్మమైన గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క కొంచెం ఎక్కువగా తెగుతుంది కనుక కోత సాధారణంగా కుడివైపునకు లాగుతుంది. ఎంత ఖరీదైన యంత్రంలోనైనా ఈ గుణం ఉంటుంది. అయితే అది ప్రతిసారీ ఒకే వైపునకు, దాదాపు ఒకే మేరకు లాగుతుంది. చెక్కను కొద్ది డిగ్రీలు ఏటవాలుగా పట్టి తోస్తే కోత గీత మీదనే నడుస్తుంది. కొన్ని గంటల సాధనతో చేతికి ఇది అలవాటవుతుంది. రెండవది అనియతమైన తప్పు. యంత్రం అదరడం వల్లనో, బ్లేడు బిగువు సడలడం వల్లనో కోత ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. దీనికి ఒక పద్ధతి లేదు కనుక ఎంత సాధన చేసినా చేయి దీనిని దిద్దలేదు. నియతమైన తప్పు గురువు వంటిది, అనియతమైన తప్పు నేర్చుకోవడానికే అడ్డు. రెండవ రకం తప్పును వీలైనంతగా తొలగించి, మొదటి రకాన్ని మాత్రమే మిగిల్చే రంపమే ప్రారంభకులకు తగిన రంపం. ఎంపికకు గీటురాయి ఇదే.

కనుక మొట్టమొదట పరీక్షించవలసినది అదురు. బ్లేడును పట్టి ఆడించే బాహువుల నిర్మాణాన్ని బట్టి యంత్రాలలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. సమాంతర బాహువుల యంత్రంలో పైన ఒకటి, కింద ఒకటిగా రెండు పొడవైన బాహువులు జంటగా ఊగుతాయి. బ్లేడు ఇంచుమించు నిలువుగానే ఆడుతుంది. రెండవ రకంలో రెండు బాహువులు కలిసి ఒకే వంకీగా ఉంటాయి. అందులో బ్లేడు స్వల్పంగా చాపంలా కదులుతుంది కనుక కోత వేగంగా సాగినా, నిటారైన అంచు రావడానికి అనుభవం కావాలి. మూడవ రకంలో పొడవైన బాహువులు ఊగవు. ముందుభాగంలోని పొట్టి తునకలు మాత్రమే కదులుతాయి. కదిలే బరువు తక్కువ కనుక అదురూ తక్కువ, ధర మాత్రం ఎక్కువ. ప్రారంభకులకు మొదటి, మూడవ రకాలు అనుకూలం. తేలికైన రేకుతో చేసిన దానికన్నా బరువైన పోత ఇనుపది స్థిరంగా నిలుస్తుంది. కొనే ముందు యంత్రపు బల్ల మీద రూపాయి నాణేన్ని అంచు మీద నిలబెట్టి, రంపాన్ని నడిపి చూడటం సులభమైన పరీక్ష. నాణెం నిలిస్తే ఆ యంత్రం నమ్మదగినది. పడినంత మాత్రాన తిరస్కరించనక్కరలేదు. బరువైన బల్లకు బోల్టులతో బిగించి మరొకసారి చూడాలి.

రెండవ అంశం బ్లేడు. స్క్రోల్ సా బ్లేడు పొడవు సాధారణంగా 5 అంగుళాలు. కొన్ని బ్లేడులకు రెండు కొసల్లో అడ్డంగా చిన్న మేకులుంటాయి. వీటిని తగిలించడం తేలిక. కాని ఆ మేకు దూరాలంటే చెక్కలో దాదాపు 5 మిల్లీమీటర్ల రంధ్రం అవసరమవుతుంది. మేకులు లేని సాదా బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటరు రంధ్రం చాలు. పేరుపలక మీది 'ర' అక్షరంలోని చిన్న బోలును తొలగించడానికి మేకుల బ్లేడు దూరనే దూరదు. పైగా అతి సన్నని బ్లేడులు సాదా రకంలోనే లభిస్తాయి. అందువల్ల సాదా బ్లేడులను పట్టగల యంత్రాన్నే ఎంచుకోవాలి. బ్లేడులకు సంఖ్యలుంటాయి. సంఖ్య పెరిగిన కొద్దీ మందం పెరుగుతుంది. ముప్పాతిక అంగుళం మెత్తని చెక్కకు 5వ నంబరు, అంతకన్నా పలుచని దానికి 3వ నంబరు ప్రారంభకులకు అనువైనవి. పళ్లు కిందికి చూసేటట్లు బ్లేడును బిగించాలి. తగినంత బిగిసిన బ్లేడును వేలితో మీటితే వీణతంత్రిలా ఖంగున పలుకుతుంది. మందకొడిగా మోగితే బిగువు చాలలేదని అర్థం.

మూడవది వేగం. నిమిషానికి సుమారు 400 నుండి 1,800 దెబ్బల వరకు వేగాన్ని మార్చుకొనే వీలుంటే మంచిది. పలుచని చెక్కను, సన్నని మలుపులను నెమ్మదిగా కోయాలి. ఆక్రిలిక్ పలకను అతివేగంగా కోస్తే వేడికి కరిగి, కోసిన చోటనే మళ్లీ అతుక్కుంటుంది. ఇక యంత్రాన్ని 16 అంగుళాలదని, 20 అంగుళాలదని వ్యవహరించడం పరిపాటి. బ్లేడుకూ వెనుకనున్న స్తంభానికీ మధ్యగల దూరానికే ఆ కొలత. చిన్న పనులకు 16 అంగుళాలు ధారాళంగా సరిపోతాయి. దీపం, పొట్టు ఊదే గొట్టం సౌకర్యాలే గాని గుణాలు కావు. వాటిని చూసి మురిసి అదురును మరచిపోవడం ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు.

విదేశాలలోని బంధువుల ద్వారా యంత్రాన్ని తెప్పించుకొనే కుటుంబాలు మరొక విషయం గమనించాలి. భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోయే ప్రమాదముంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. మరమ్మతుకు విడిభాగాలు స్థానికంగా దొరుకుతాయా అన్నదీ ముందే విచారించుకోవాలి.

ఇతర రంపపు యంత్రాలతో పోలిస్తే స్క్రోల్ సా వల్ల ప్రమాదం తక్కువే. అయినా అజాగ్రత్త తగదు. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు తీసివేయాలి. వేళ్లను బ్లేడు దారిలో ఉంచరాదు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో కొయ్యధూళిని మానవులకు క్యాన్సర్ కలిగించే కారకాలలో చేర్చింది. కంటికి కనిపించని ఆ పొడి వల్ల కలిగే కీడు తక్షణం తెలియదు.

మంచి యంత్రం కొనే స్తోమత లేనివారు నిరాశ చెందనక్కరలేదు. విల్లులా వంగిన చట్రానికి అదే 5 అంగుళాల సాదా బ్లేడును బిగించిన చేతిరంపం అతి తక్కువ ఖర్చుతో లభిస్తుంది. దీనిని ఫ్రెట్ సా అంటారు. ఇందులో పని నెమ్మదిగా సాగుతుంది. కాని అదిరే మోటారు ఉండదు కనుక పొరపాటు ఎక్కడ జరిగిందో చేతికి వెంటనే తెలుస్తుంది. ఓటి యంత్రం కన్నా మేలైన చేతిరంపమే మంచి గురువు. కొండపల్లి బొమ్మకు మెత్తని పొణికి కర్ర, ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు కర్ర కుదిరినట్లే, ఏ పనికైనా తగిన పనిముట్టును కుదుర్చుకోవడం వివేకం.

అటక ఎక్కిన రంపం కథకు ముగింపు ఇంకా మిగిలే ఉంది. ఆ విద్యార్థిని యంత్రాన్ని కిందికి దింపి, బరువైన బల్లకు బిగించి, కొత్త బ్లేడును ఖంగుమనేలా సవరించి, ఒక సరళరేఖను కోసి చూడాలి. కోత ప్రతిసారీ ఒకే వైపునకు పోతే ఆమె నేర్చుకోవలసినది కొంత ఉన్నదని అర్థం. ప్రతిసారీ వేరొక వైపునకు పోతే మార్చవలసినది యంత్రం. ఈ పరీక్ష చేయకుండా తన చేతిని తానే నిందించుకోవడం అన్యాయం. పనిముట్టును నిందించే ముందు తన చేతిని పరీక్షించుకోవాలని పెద్దలు సామెత ద్వారా హెచ్చరించారు. తన చేతిని నిందించుకొనే ముందు మద్దెలను ఒకసారి తట్టి చూడటం కూడా అంతే అవసరం.