జొన్న నాము

జహీరాబాదు పరిసరములందు జొన్న నెఱుఁగని బాలుఁడు లేఁడు. గింజ మనకు రొట్టె, చొప్ప పశువులకు మేఁత. అట్టి పైరే యొక్కొకప్పుడు బలిష్ఠమైన యెద్దును గడియలోఁ గూల్చును. లేఁతమొక్కయు, వానలేక వాడిన పైరును, కోసిన మోళ్లనుండి వెడలు చిగురును మిక్కిలి యపాయకరములు. ఈ చిగురునే రైతులు నాము అందురు.

మా తరగతి బాలుఁడొకఁడు నాలుగు దినములు బడికి రాలేదు. కారణ మడుగఁగా, “పంతులుగారూ, మా యెద్దు నాము మేసి చచ్చిపోయినది” అనెను. జోడులో నొకటి పోయినచో రెండవది నాగలి కక్కఱకు రాదు గదా!

జొన్నలో విషము సిద్ధముగా నుండదు. ధుర్రిన్ అను పదార్థ మొకచోటను, దానిని విడఁగొట్టు ఎంజైము వేఱొకచోటను ఆకులో నుండును. పశువు నమలఁగానే రెండును గలిసి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. 1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఆంగ్లశాస్త్రజ్ఞులు ఈజిప్టు జొన్నలో ధుర్రిన్‌ను గనుఁగొని, జొన్నకుఁ గల అరబ్బీ పేరునుబట్టి దాని కా పేరిడిరి.

ఈ విషము సోఁకినపుడు రక్తములోఁ బ్రాణవాయు వున్నను దేహకణములు దానిని వాడుకొనఁజాలవు. నిండుచెఱువు గట్టున దప్పిచేఁ జచ్చుట వంటి దిది. నెమరువేయు జంతువులకు గండ మధికము. వాని తొలికడుపులోని సూక్ష్మజీవులు సైతము ధుర్రిన్‌ను విడఁగొట్టి విషమును వేగిరపఱచును.

అయినను పశువు నిరాయుధము గాదు. కాలేయములోని రొడనీస్ అను ఎంజైము విషమునకు గంధకమును జోడించి థయోసయనేటుగా మార్చును. అది మూత్రముతోఁ బోవును. కావున మెల్లగాఁ గొద్దికొద్దిగా మేసిన పశువు బ్రతుకును. ఆఁకలితో గబగబ మేసినదానికిఁ గాలేయము చాలదు. (జిల్లేడాకు తిను గొంగళిపురుగు త్రోవ వేఱు. అది యా విషమును వెడలఁగొట్టక కొంత తన దేహమందే దాఁచుకొనును. సీతాకోకచిలుకయైన పిమ్మట దానిని మ్రింగిన పక్షి మరల ముట్టదు. ఎద్దున కట్టి యుపాయము లేదు.)

పశువైద్యులు సోడియము నైట్రైటును, సోడియము థయోసల్ఫేటును రక్తనాళములోని కెక్కింతురు. రెండవది కాలేయమునకుఁ గావలసిన గంధకము నిచ్చును. కాని వైద్యుఁడు వచ్చునందాఁక ప్రాణము నిలుచుట యరుదు. పూఁతకు వచ్చిన పైరులో విషము చాలవఱకుఁ దగ్గును. మోళ్ల చిగురు నట్లు నమ్మరాదు. ఆ బాలుని తండ్రి యిప్పుడు మిగిలిన యెద్దునకు ముందుగా ఎండుచొప్ప వేసి, కడుపు నిండినపిదపనే కట్టు విప్పుచున్నాఁడఁట; కోఁత ముగిసిన చేనివైపునకు మాత్రము తోలుట లేదఁట.