‘రన్’ ఆంగ్లక్రియ నానార్థత: తెలుగులో సమానార్థకాల ఎంపిక

వ్యాససంగ్రహం: ఆంగ్లంలో అత్యధిక అర్థాలు గల పదాలలో ‘రన్’ ఒకటి. దీనికి తెలుగులో ఏకైక సమానార్థకం లేదు. దానితో కలిసి వచ్చే నామాన్ని బట్టి తెలుగు వేర్వేరు క్రియలను ఎంచుకుంటుంది. ఆ ఎంపికలోని క్రమాన్ని ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నానార్థత, సాహచర్యం, అనువాదం, ద్విభాషా నిఘంటువు.

1. ఉపోద్ఘాతం

1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పులో అత్యధిక అర్థాలు గల పదంగా ‘సెట్’ ప్రసిద్ధి పొందింది. మూడవ కూర్పు సవరణలో ఆ స్థానం ‘రన్’కు దక్కింది. ఈ పదపు క్రియారూపానికే 645 అర్థాలను గుర్తించినట్లు 2011లో వెల్లడైంది. ఈ అర్థాలలో అధికభాగం ‘వేగంగా ముందుకు సాగడం’ అనే మూలభావన నుండి శాఖలుగా విస్తరించినవే. కనుక ఇది నానార్థత. ‘బ్యాట్’ అనే ఒకే రూపం గబ్బిలాన్నీ, క్రికెట్ ఆట సాధనాన్నీ తెలపడం మాత్రం యాదృచ్ఛికమైన రూపసామ్యం. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

2. తెలుగులో అర్థవిభజన

ఆంగ్లంలో ‘రన్’ ఒక్కటే చేసే పనిని తెలుగులో అనేక క్రియలు పంచుకుంటాయి. మనిషి పరుగెత్తుతాడు, నది పారుతుంది, ముక్కు కారుతుంది, తీగ గోడవెంట పాకుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. అభ్యర్థి ఎన్నికలలో పోటీచేస్తాడు. ‘అవుట్’ చేరినప్పుడు, ఇంట్లో బియ్యం నిండుకుంటాయి.

యంత్రాలు, సంస్థల విషయం మరింత ఆసక్తికరం. ఆంగ్లంలో యంత్రం పరుగెత్తితే తెలుగులో నడుస్తుంది. బస్సును, బడిని, పత్రికను ‘నడుపుతాం’. రెండు భాషలూ గమనాన్నే రూపకంగా గ్రహించాయి. గమనవేగం మాత్రమే వేరు. క్రికెట్‌లో మాత్రం తెలుగు మూలార్థాన్నే స్వీకరించి ‘పరుగు’ అన్నది. అక్కడ ఆటగాడు నిజంగానే పరుగెత్తుతాడు కదా!

3. సాహచర్యమే నిర్ణాయకం

నానార్థకపదానికి సందర్భోచితమైన అర్థాన్ని నిర్ణయించే హేతువులను భర్తృహరి ‘వాక్యపదీయం’లో పేర్కొన్నాడు. వాటిలో సాహచర్యం, ప్రకరణం ముఖ్యమైనవి. ‘సైంధవం’ అంటే ఉప్పు, గుర్రం అని రెండర్థాలు. భోజనవేళ ‘సైంధవం తెమ్ము’ అంటే ఉప్పు అనీ, ప్రయాణవేళ అంటే గుర్రం అనీ ప్రకరణమే తెలుపుతుంది. ‘రన్’కూ ఇదే వర్తిస్తుంది. పక్కన నది ఉందా, ముక్కు ఉందా, సంస్థ ఉందా అన్నదే తెలుగు క్రియను నిర్ణయిస్తుంది.

4. బోధన, నిఘంటు నిర్మాణం

‘ఆయన బడిని పరుగెత్తిస్తున్నాడు’ వంటి అనువాదదోషానికి కారణం విద్యార్థి అజ్ఞానం మాత్రమే కాదు. పరుగెత్తు, పారు, నడుపు అంటూ అర్థాలను వరుసగా పేర్చి, ఏది ఎక్కడ వాడాలో చెప్పని నిఘంటువుకూ అందులో భాగముంది. మరొక పరిణామమూ గమనార్హం. కంప్యూటర్ రంగంలో ‘ప్రోగ్రామ్ రన్ చేయడం’ పారిభాషికంగా స్థిరపడింది. ఇప్పుడు ‘షాపు రన్ చేస్తున్నాడు’, ‘సినిమా బాగా రన్ అవుతోంది’ అనే వాడుకలూ వినిపిస్తున్నాయి. కొత్త భావనకు కొత్త పదం రావడం సహజం. అయితే నడుపు, ఆడు అనే క్రియలు ఉన్నచోట కూడా ‘రన్’ చేరితే, తెలుగు పాటించిన సూక్ష్మమైన అర్థభేదాలు క్రమంగా మరుగునపడతాయి.

5. ముగింపు

‘రన్’ వంటి క్రియలకు ద్విభాషా నిఘంటువులలో అర్థాల పట్టిక చాలదు. ప్రతి అర్థం పక్కన దానితో కలిసివచ్చే నామాలనూ, ఒక ఉదాహరణవాక్యాన్నీ ఇవ్వాలి. తరగతిలోనూ పదాన్ని ఒంటరిగా కాక, దాని సహచరపదాలతో కలిపి బోధించాలి. అనువాదకుడు ‘ఈ పదానికి తెలుగేమిటి?’ అని కాక, ‘ఈ నామం పక్కన తెలుగు ఏ క్రియను వాడుతుంది?’ అని ప్రశ్నించుకోవడం సముచితం.