నువ్వులపై నింద మోపుటకు ముందు

ఆరోగ్యవంతుని రక్తమున ఒక్కొక్క మైక్రోలీటరునకు సుమారు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉండును. గాయమైనచోట గుమిగూడి నెత్తురు కట్టించు ఈ సూక్ష్మకణములను, దేహమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే పరాయివని భ్రమించి సంహరింప మొదలిడినపుడు, చర్మముపై ఎఱ్ఱని చుక్కలు పొడసూపును, చిగుళ్ళనుండి నెత్తురు కాఱును. వైద్యులు దీనిని ఐ.టి.పి. అందురు. ఈ సంహారకారి రోగి రక్తముననే కలదని నిరూపింపనెంచి, 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున విలియం హారింగ్టన్ అను యువవైద్యుడు రోగి రక్తమును తనకే ఎక్కించుకొనగా, కొలది గంటలలో ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటెను.

ఈ వ్యాధి ఏల కలుగునో పెక్కుమందియందు తెలియరాదు; పిల్లలకు తఱచుగా వైరస్ జ్వరముల వెనుక వచ్చును. అయినను మందులకును ఆహారమునకును దీనితో పొత్తు లేకపోలేదు. సింకోనా బెరడునుండి తీసిన క్వినైను వలన చర్మమున రక్తపు మచ్చలు కలుగునని 1865లోనే లాన్సెట్ వైద్యపత్రిక తెలిపినది. అట్టివారి యాంటీబాడీలు, క్వినైను రక్తమున ఉన్నంతకాలము మాత్రమే ప్లేట్‌లెట్లను అంటిపట్టుకొనును. టానిక్ వాటరు అను పానీయములోని క్వినైను స్వల్పమాత్రయైనను అందుకు చాలును. పశ్చిమాసియా ప్రజలు ఉప్పునీట నానవేసి తిను లూపిన్ గింజలపై 1964లోను, నువ్వులు నూఱి చేయు తహీనా ముద్దపై 1998లోను ఇట్టి నివేదికలే వెలువడెను.

అంతమాత్రమున మన చిమ్మిలియు నువ్వులపొడియు విషతుల్యములని భావింపరాదు. తరతరములుగా కోట్లమంది తినుచున్న పదార్థము ఏ ఒక్కరి రక్షణవ్యవస్థకో సరిపడకపోవుట వేఱు, ఆ పదార్థమే వ్యాధికారక మగుట వేఱు. తిన్నపుడు ప్లేట్‌లెట్లు తగ్గి, మానినపుడు పెరిగి, మరల తిన్నపుడు మరల తగ్గినచో, ప్రయోగశాల పరీక్షయు దానిని బలపఱచినచో మాత్రమే ఆహారమును దోషిగా నిర్ణయింతురు. అయితే ఇట్లు మరల తిని చూచు పరీక్షను ఇంట చేసికొనుట ప్రాణాపాయకరము.

కావున పాఠకులారా, ఐ.టి.పి. కలిగినవారు ఏ ఆహారమునైనను తామే నిందించి మందులు మానరాదు; ఏ పసరునైనను తామే నమ్మి మందులు మానరాదు. తిన్నది, త్రాగినది, కషాయములతో సహా, దాపఱికము లేక వైద్యునకు చెప్పుడు. చర్మముపై చుక్కలతో పాటు రక్తస్రావము కనబడినచో, ఆ దినమే వైద్యుని దర్శింపుడు.