రాతిలో మేలిముసుగు

భిలాయి ఉక్కు నగరంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాటి నుండి ఆ కర్మాగారంలో చెమటోడ్చిన వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. పోత చెడితే మళ్లీ కరిగించి పోయవచ్చునని వారికి తెలుసు. లోహం తప్పును మన్నిస్తుంది. రాయి మన్నించదు.

ఈ మాట నిజమో కాదో తెలియాలంటే, వారు స్వస్థలానికి పోయే దారిలో హైదరాబాదులో ఒక పూట ఆగవలసి ఉంటుంది. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో, ఐరోపా శిల్పాల నడుమ, తెల్లని చలువరాతి యువతి ఒకతె నిలిచియున్నది. ఆమె ముఖంపై పలుచని మేలిముసుగు. దాని వెనుక కన్నులు, ముక్కు, పెదవులు స్పష్టంగా గోచరిస్తాయి.

ఆమె రెబెక్కా. కాబోయే భర్త ఇస్సాకును దూరాన చూచి, ఒంటె దిగి ముసుగు కప్పుకొన్న పెండ్లికూతురని బైబిలు కథ. శిల్పి ఇటలీ దేశీయుడైన జొవాన్ని మరియా బెంజోని (1809–1873). 1876లో ఐరోపా యాత్ర చేసిన నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ దీనిని రోమ్ నగరంలో కొన్నారు.

నిజానికి అక్కడ ముసుగు లేదు. ఉన్నదంతా ఒకే రాయి. ముఖరేఖలను మెత్తగా తేల్చి, వాటిమీదుగా సన్నని మడతలు చెక్కగా, వెలుగునీడలు మన కన్నులను నమ్మిస్తున్నవి.

ఆనాటి ఇటలీ శిల్పశాలల్లో ముందుగా మట్టితో రూపం తీర్చి, దాని నుండి ప్లాస్టరు పోత తీసి, కొలతలు గుర్తించి చలువరాతికెక్కించేవారు. దిద్దుబాట్లన్నీ మట్టిలోనే. ఉలి రాతిని తాకిన పిమ్మట పెచ్చు ఎగిరితే, దానిని జాడ తెలియకుండా సరిదిద్దడం కష్టం. ఈ పద్ధతి వల్లనే ఒకే శిల్పానికి పలు ప్రతులు వెలసినవి. అమెరికాలోని అట్లాంటా మ్యూజియంలోను ఒక రెబెక్కా ఉన్నది. అయినా ప్రతి ఒక్కదానిని ఉలితో చెక్కక తప్పదు.

మూడవ సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా మరణించినపుడు, ఈ సంపద చెల్లాచెదరు కావలసినదే. కానీ 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపునిచ్చింది. 1968లో అది నేటి భవనానికి తరలింది.

ఆ విధంగా ఒక దివాను ముచ్చటపడి కొన్న శిల్పం నేడు అందరిదీ అయినది. కొలిమి దగ్గర పనిచేసిన చేతులు ఆ ముసుగు ముందు ఒక్క క్షణం ఆగితే, ఆ శిల్పి పడిన జాగ్రత్త వాటికి తప్పక తెలుస్తుంది.