పాట కట్టేవాళ్ళు – వంగపండు గారు, మా మామ్మ



ఈసారి గోడ పత్రికకి ఇష్టమైన పాటల రచయిత గురించి వ్రాయమన్నారు. మన డార్మెట్రీలో అడిగితే అందరూ చంద్రబోస్ గారి పేరే చెప్పారు. ఆయన గొప్పవారే, కాదనను. భూపాలపల్లి జిల్లాలో చల్లగరిగ అనే పల్లెటూరిలో పుట్టి, "నాటు నాటు" పాటకి 2023లో కీరవాణి గారితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. అయితే ఆయన గురించి పేపర్లలో చాలా వచ్చేసింది. అందుకని నేను మన పక్క ఊరి మనిషి గురించి వ్రాస్తున్నాను. ఆయన వంగపండు ప్రసాదరావు గారు.

వంగపండు గారు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖపట్నం షిప్ యార్డులో పని చేసారు. జననాట్యమండలిలో గద్దర్ గారితో కలిసి ఊరూరా తిరిగి పాడారు. కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, ఆడుతూ పాడేవారు. వందల పాటలు కట్టారు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలోనే చనిపోయారు. అప్పుడు నాకు ఆయనెవరో తెలీదు. తరవాత మా చిన్నాన్న ఫోన్‌లో "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" పాట పెడితే విన్నాను. 1986లో "అర్ధరాత్రి స్వతంత్రం" సినిమాలో కూడా ఆ పాట ఉంది.

ఆ పాట విన్నప్పుడు నాకు మొదట ఏమనిపించిందో చెప్తాను. నేను ఆరో తరగతిలో ఈ స్కూల్లో చేరినప్పుడు, పాఠం గట్టిగా చదవమంటే "వెళ్దాం" అని ఉన్నచోట "ఎల్దం" అని చదివాను. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు ఇది చదువుతున్నవాళ్ళలో కూడా కొందరు నవ్వారు. నాకు కోపం లేదు. కొంచెం ఉంది. ఆ తరవాత చాలా రోజులు నేను క్లాసులో నోరు తెరవలేదు. మా ఇంట్లో మాట్లాడేది సవర. తెలుగు నేను సంతలో నేర్చుకున్నాను, సంతలో అందరూ "ఎల్దం" అనే అంటారు మరి. అదే మాట అంత పెద్ద పాటలో, మొదట్లోనే ఉంది! చిన్నాన్నని మళ్ళీ పెట్టమన్నాను. మూడుసార్లు విన్నాను. వంగపండు గారికి "వెళ్దాం" అని వ్రాయడం రాక కాదు. ఆ పాటలో పిల్ల, పిల్లడిని కొండకి రమ్మని పిలుస్తుంది. ఆ పిల్ల ఎలా మాట్లాడుతుందో అలాగే వ్రాసారు. "వెళ్దాం వస్తావా" అంటే తాళానికి కూడా పడదు, మీరే చప్పట్లు కొట్టి చూడండి.

అది శ్రీకాకుళం గిరిజన పోరాటం మీద కట్టిన పాట. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు, అక్కడినుంచి ఆ పోరాటం పెద్దదయ్యింది. ఇంత బరువైన సంగతి అయినా బాణీ మాత్రం ఊడుపుల్లో పాడుకునేలా ఉంటుంది. ఒకరు అడిగినట్టు పాడతారు, మిగతావాళ్ళు వంత పాడతారు. వంత చిన్నది, మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఒక్కసారి వింటే చాలు, చదువు రానివాళ్ళు కూడా కలిసిపోతారు. పుస్తకం అక్కర్లేదు. సినిమా పాటల్లో కొన్ని బాగుంటాయి గాని మనం కలవడానికి చోటు ఉండదు, వినడమే.

రెండో మనిషి మా మామ్మ. మామ్మకి సంతకం రాదు, వేలిముద్రే. కాని పాటలు కడుతుంది. ఎవరూ ఆమెని రచయిత అనరు. నేను అంటాను.

మా సవర పాటల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి వరసలో చెప్పినదే రెండో వరసలో వేరే మాటతో మళ్ళీ చెప్తారు. మొన్నామధ్య మా వైపు ఏనుగులు వచ్చి అరటి తోటలు తొక్కేసాయి కదా, మామ్మ దాని మీద పాట కట్టింది. మొదటి వరసలో ఏనుగుని పెద్ద కాళ్ళవాడా అంటుంది, రెండో వరసలో పెద్ద చెవులవాడా అంటుంది. ఎక్కడా తిట్టదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, తిన్నది చాలా, ఇంకా వడ్డించనా అని అడుగుతుంది. చివర్లో ఖాళీ గాదె చూపిస్తుంది. అందరూ నవ్వుతారు, గాదె దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. అలా రెండేసి వరసలు ఉండటం వల్ల మొదటిది ఎవరైనా మర్చిపోయినా రెండోది వింటే గుర్తొచ్చేస్తుంది.

దసరా సెలవుల్లో మామ్మ పాటలు నోటు పుస్తకంలో వ్రాద్దామని కూర్చున్నాను. తెలుగు అక్షరాల్తో వ్రాస్తే చాలా కష్టం. సవరలో మాట మధ్యలో గొంతు నొక్కి టక్కున ఆపే శబ్దం ఉంది, దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. నేను అక్కడ చిన్న చుక్క పెట్టుకున్నాను. గిడుగు రామమూర్తి గారు కూడా ఇలాగే కూర్చుని సవరల దగ్గర మాటలు విని వ్రాసుకుని ఉంటారు. ఆయన సవర నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, పద్యాలు పాడతాం. సవర పాట మాత్రం ఎప్పుడూ పాడలేదు. వచ్చే ఏడు ఒకటి పాడనిస్తారా అని మేడం గారిని ఇక్కడే అడుగుతున్నాను, ఎదురుగా అడగాలంటే భయం.

నాలుగు పాటలు వ్రాసాను. ఐదోది మా అత్త గురించి. ఆమె నేను పుట్టకముందే జ్వరంతో చిన్నప్పుడే పోయింది. మామ్మ సగం పాడి ఆగిపోయింది. తరవాత ఏటి అని అడిగితే, "ఇది కాయితం మీద పెట్టీది కాదు గుంటా" అంది. నేను పుస్తకం మూసేసాను. వంగపండు గారి పాట పదిమంది పాడాలని కట్టింది. ఇది ఒక్క మనిషి కోసం కట్టింది. వ్రాయలేదు గాని బాణీ నాకు వచ్చేసింది. పోయిన వారం రాత్రి లైట్లు ఆర్పాక ఎవరో కూనిరాగం తీస్తున్నారని మేడం గారు వచ్చి అడిగారు కదా, ఎవరూ చెప్పలేదు. అది నేనే.