ఫసలీ తేదీలు - కంప్యూటరు లెక్కలు

నిజాం కాలపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల భూమి కాగితాలలో తేదీలు ఫసలీ సంవత్సరాలలో కనబడతాయి. వాటిని డేటాబేసు పట్టికలోకి ఎక్కించి, ఫలానా రైతు ఎన్నేళ్లు కౌలు చేసినాడని అడిగినప్పుడు జవాబు తప్పుగా రావటం కలదు. యంత్రం తప్పు చేయదు. మనమిచ్చిన సూత్రమే తప్పు.

ఇది కేవలం గణితాభ్యాసం కాదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును నిర్ణయించటానికి పెట్టిన షరతులలో ఒకటి, ఫసలీ 1342 నుండి 1352 లోపల ఎడతెగకుండా ఆరేళ్లు సాగు చేసి ఉండటం. ఒక్క ఏడు తేడా వస్తే ఒక కుటుంబం హక్కే మారిపోతుంది.

ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని చాలామంది నేర్చుకొన్నారు. అది సగం నిజం. ఆనాటి ఫసలీ సంవత్సరం అజూర్ నెలతో, అనగా అక్టోబరు 6న మొదలయ్యేది. ఫసలీ 1353 మొదటి దినం 1943 అక్టోబరు 6 అని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున డిసెంబరు 31 వరకు 590, జనవరి 1 నుండి 591 కలపాలి. నెల పేరు చూసి సూత్రం వ్రాస్తే బహమన్ వద్ద చిక్కు వస్తుంది. అది డిసెంబరులో మొదలై జనవరిని తాకుతుంది. సూత్రాన్ని పరీక్షించుటకు మేము అందరికీ తెలిసిన తేదీని వాడుతాము: 1948 సెప్టెంబరు 17, ఫసలీ 1357 ఆబాన్. జవాబు 1947 అని వస్తే సూత్రం తప్పినట్లే.

రెండవ పొరపాటు సంవత్సరాన్ని సంవత్సరం నుండి తీసివేయటం. 1345 ఖుర్దాద్‌లో సాగుకు దిగి 1351 దైలో వదిలిన కౌలుదారుకు తీసివేత ఆరు చూపుతుంది. నిజానికి అది 1936 ఏప్రిల్ నుండి 1941 నవంబరు వరకు; ఐదేళ్ల ఏడు నెలలు మాత్రమే. ముందు పూర్తి తేదీలుగా మార్చి, ఆరేళ్లు కలిపిన తేదీ ముగింపు తేదీని దాటుతున్నదా అని అడగాలి. దినాలను 365తో భాగించటమూ మంచిది కాదు. లీపు దినాలు అంచున దెబ్బ తీస్తాయి.

తరువాతి కాలపు పహాణీలను ఇదే పట్టికలో కలిపేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇప్పటి రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఫసలీ 1364కు చెందినది.

అన్నిటికన్న కష్టమైనది నెల లేని కాగితం. అచ్చట ఊరకే అజూర్ 1 అని నింపే అలవాటు మా విద్యార్థులలోనూ ఉన్నది. అది లేని సాక్ష్యాన్ని పుట్టించటమే. ఆ గడిని ఖాళీగా ఉంచి, సంవత్సరపు మొదటి దినం, చివరి దినం రెండు వేరు గడులలో వ్రాయాలి. లెక్క రెండు విధాలా చేసి, రెండింటిలోనూ ఆరేళ్లు నిండితేనే నిండినవనాలి. ఒకదానిలోనే నిండితే అసలు కాగితాన్ని మరల తెరవాలి. ఆ కాగితం ఉర్దూలో ఉంటుంది గనుక, మన కళాశాల విద్యార్థికి ఇచ్చట ఒక సౌలభ్యం కలదు.