తెగిన వేళ్ళు పుట్టించిన హోరు

రేకులు నొక్కే యంత్రంలో వేళ్ళ కొసలు పోగొట్టుకున్న ఓ కార్మికుడు గిటారు వదిలేసి ఉంటే, 'హెవీ మెటల్' సంగీతం ఇలా ఉండేది కాదు.

1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ ప్రమాదం జరిగేనాటికి టోనీ అయోమీ వయసు 17. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగాయి. ఎడమచేతి వాటం వాడు కనుక గిటారు తీగెలు నొక్కేది ఆ వేళ్ళతోనే. ఇక వాయించలేవన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగెలు బిగించాడు. 1970లో అతని బృందం 'బ్లాక్ సబాత్' తొలి రికార్డు వెలువడింది. మరుసటి ఏడు తీగెలను వదులు చేస్తే, నాదం మరింత బరువెక్కింది.

కొత్తగా వినేవారికి మెటల్ అంతా ఒకటే గోల. జాజ్, రాక్ సంగీతాలూ పరాయి వాయిద్యాలను పిలిచాయి. పిలిచిన చుట్టాన్ని ఇంటి మనిషిని చేసుకోవడంలో మాత్రం మెటల్‌దే పైచేయి అని అభిమానుల వాదన.

వారు చూపే ఉదాహరణలు తక్కువేం కాదు. బ్రెజిల్ బృందం 'సెపుల్తురా' 1996లో 'రూట్స్' రికార్డు కోసం షవాంతే గిరిజనులతో గొంతు కలిపింది. మంగోలియా బృందం 'ది హూ' 2019 నాటి తొలి రికార్డును గుర్రపు తల చెక్కిన రెండు తీగెల వాయిద్యంపై నడిపింది. ఢిల్లీ బృందం 'బ్లడీవుడ్' 2022 నాటి 'రక్షక్'లో గిటారు సరసన డోలు, వేణువు నిలిపింది.

చెవికి ఇంపా కాదా అన్నది ఎవరిష్టం వారిది. అంతా ఒకటే గోల అన్న మాట మాత్రం నిలవదు.